మంట అనగానే "ఎటు పోయొచ్చినవ్ రా" అని అడగకండి

ఈ రోజు జీతం గురించి కాదు, వీసా గురించి కాదు. రూములో లైటు ఆర్పినాక కూడా మనం మాట్లాడుకోని ఒక సంగతి రాస్తున్నా. సిగ్గుగానే ఉంది. అయినా చివరిదాకా చదవండి.

మా రూములో ఆరుగురం. అందులో ఒక తమ్ముడు, ముప్పై దాటి రెండేళ్లు, జగిత్యాల దిక్కు. పోయిన ఎండాకాలం రాత్రికి నాలుగైదు సార్లు బాత్రూముకు లేస్తుండె. అడిగితే మూత్రం మంట అన్నడు. నేను ఊరుకున్ననా? "ఏం రా, శుక్రవారం శుక్రవారం ఎటు పోతున్నవ్? సెగ తగిలిందా?" అన్నా. అందరం నవ్వినం. వాడు కూడా నవ్విండు. ఆ రోజు నుంచి ఎవరికీ ఏం చెప్పలేదు.

పది రోజులకు ఒక రాత్రి వాడికి చలిజ్వరం. ఏసీ బంద్ చేసి రెండు దుప్పట్లు కప్పినా వణుకుడే. బొడ్డు కింద గట్టిగా ఉబ్బింది, మూత్రం చుక్క వస్తలేదు. 999కి ఫోన్ చేసినం. అంబులెన్స్ వచ్చి తీసుకపోయింది. ప్రోస్టేట్‌కు ఇన్ఫెక్షన్ అన్నరు డాక్టర్లు. ఇంకా ఆలస్యమై అది రక్తంలోకి పాకితే ప్రాణం మీదికి వచ్చేదంట.

అంతలోనే నా జోకు ఊరికి చేరింది. మన క్యాంపు నుంచి ఫోన్‌లో పోని ముచ్చట ఏముంటది? వాడి భార్య ఎనిమిది రోజులు ఫోన్ ఎత్తలేదు. వాడు ఆస్పత్రి మంచం మీది నుంచి డాక్టర్ రాసిచ్చిన కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిండు, నా తప్పేం లేదని. అది చూసినంక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ పాపం నాది.

అందుకే నేను అనేది ఒక్కటే. ఈ జబ్బు చాలామందికి నయమయ్యేదే, లేదంటే అదుపులో ఉండేదే. దాన్ని ముదరబెట్టేది మన నోరు, మన సిగ్గు.

అసలు ప్రోస్టేట్ అంటే ఏందో మనలో ఎంతమందికి తెలుసు? మగవాళ్లకు మూత్రాశయం కింద పెద్ద ఉసిరికాయంత గ్రంథి ఉంటది. మూత్రనాళం దాని నడుమ నుంచే పోతది. అది వాస్తే నాళం ఒత్తుకుపోతది. అందుకే మంట, మాటిమాటికీ పోవాలనిపించుడు, సన్నటి ధార, నడుము కింద, వృషణాల వెనక నొప్పి, వీర్యం పోయేటప్పుడు నొప్పి. దీన్ని ప్రోస్టటైటిస్ అంటరు.

మన దగ్గర మొదటి మాట, "బయట తిరిగినోళ్లకే వస్తది". తప్పు. ఒక్కసారిగా జ్వరంతో వచ్చే రకం ఎక్కువగా మన పేగుల్లో ఉండే మామూలు బ్యాక్టీరియాతోనే వస్తది. సెగ, క్లమీడియా క్రిములతో కూడా కొందరికి రావచ్చు, కాదనను. అలాంటి అనుమానం ఉంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పాలె, అంతే. నెలల తరబడి నొప్పి ఉండే రకంలో అయితే చాలామందికి ఏ క్రిమీ దొరకదు. భార్య దగ్గర లేని మనిషిని మంట వచ్చిందని అనుమానించడం అన్యాయం.

రెండోది, "ముసలోళ్ల రోగం". ముసలితనంలో ప్రోస్టేట్ పెరగడం వేరే సంగతి. ఈ వాపు యాభై లోపు మగవాళ్లకు కూడా బాగానే వస్తది. అంటే మన వయసోళ్లకే.

మూడోది, "వేడి చేసింది, సబ్జా తాగు". సబ్జా తాగు, మజ్జిగ తాగు, ఎవరు వద్దన్నరు? ఎండలో నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడి మంట పుట్టేది నిజమే. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని బంద్ అని 2021 నుంచి ఇక్కడ రూలు ఉంది. కానీ మిగతా గంటల్లో మనం ఏం చేస్తున్నం? సైటులో బాత్రూము దూరమని నీళ్లే తాగుడు మానేస్తం, వచ్చినా ఆపుకుంటం. అది మానండి. ఇంకోటి, నీళ్లు తాగినా తగ్గని మంటకు సబ్జా మందు కాదు.

నాలుగోది యూట్యూబ్ వైద్యులది. "హస్తప్రయోగంతో ప్రోస్టేట్ పాడైంది, నరాలు వీకైనయి, ఈ డబ్బా కొను". ఇంకొకడు దానికి ఉల్టా, "వీర్యం నిల్వ ఉండి కుళ్లింది" అంటడు. రెండూ మన ఒంటరితనం మీద చేసే వ్యాపారమే. ఇంటికి పంపాల్సిన రియాళ్లు వాళ్లకు పెట్టకండి.

ఐదోది మందుల సంగతి. మంట తగ్గగానే నాలుగు రోజులకే గోళీలు ఆపేస్తం. ప్రోస్టేట్ ఇన్ఫెక్షన్‌కు కోర్సు వారాల తరబడి ఉంటది. మధ్యలో ఆపితే మళ్లీ తిరగబెట్టవచ్చు. అట్లనే క్రిమి లేని రకానికి యాంటీబయాటిక్ మళ్లీ మళ్లీ మింగినా లాభం లేదు. దానికి మూత్రనాళం సడలించే మందులు, నొప్పి మందులు, కటి కండరాలకు ఫిజియోథెరపీ, గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చునుడు, ఇట్ల డాక్టర్ మనిషిని చూసి చెప్తడు. ఊరి నుంచి వచ్చేవాళ్లతో నొప్పి గోళీలు తెప్పించుకోకండి. ట్రమడాల్, ప్రీగాబాలిన్ లాంటివి మన దగ్గర మామూలు మందులే కావచ్చు, ఖతార్ ఎయిర్‌పోర్టులో దొరికితే కేసు అయితది. తెచ్చినోడు జైలుకు పోతడు.

ఇక అసలు భయం, "క్యాన్సర్ అయితది, మగతనం పోతది, కంపెనీ ఎక్జిట్ కొడుతది". ఈ వాపు క్యాన్సర్ కాదు. వాపు ఉన్నప్పుడు పీఎస్ఏ అనే రక్తపరీక్ష అంకె పెరుగుతది, దాన్ని చూసి గుండె జారిపోవద్దు. నొప్పి, దిగులు ఉన్నన్నాళ్లు పడక సుఖం తగ్గవచ్చు, అది కూడా డాక్టర్‌తో చెప్పుకోవచ్చు. ఇక ఆర్పీ మెడికల్‌లో చూసేది టీబీ, హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటివి. ప్రోస్టేట్ వాపు ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు, దాని కోసం ఆ మెడికల్ లేదు.

ఎక్కడికి పోవాలె? హమాద్ కార్డు రెన్యువల్ ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. రెడ్ క్రెసెంట్ వాళ్లు కార్మికుల కోసం నడిపే హెల్త్ సెంటర్లు ఉన్నయి. అక్కడ చూసి అవసరమైతే పెద్దాస్పత్రికి రాస్తరు. ఇండస్ట్రియల్ ఏరియాలో హజ్మ్ మెబైరీక్ ఆస్పత్రి ఉంది. ఇంగ్లీషు రాదని ఆగకండి. "పేషాబ్ మే జలన్" అన్నా అక్కడ చాలామందికి అర్థమైతది. జ్వరం, వణుకు, మూత్రం ఆగుడు, మూత్రంలో రక్తం, వీటిలో ఏది ఉన్నా ఖల్లివల్లి అనొద్దు. డ్యూటీ, ఫోర్‌మన్ తర్వాత. ముందు 999.

నేను డాక్టర్‌ను కాదు, షట్టరింగ్ కార్పెంటర్‌ను. ఆ రాత్రి నుంచి డాక్టర్లను అడిగి తెలుసుకున్నదే రాసిన. తమ్ముడు ఇప్పుడు బాగున్నడు. భార్య ఫోన్ ఎత్తుతుంది. నేను కూడా ఆమెతో మాట్లాడిన, "చెల్లే, ఆ మాట పుట్టించింది నేనే" అని చెప్పిన. ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అన్నా, ఆయన టైంకు గోళీలు ఏసుకుంటుండా, మీరు చూడుండ్రి" అన్నది.

చూస్తున్నా. మీ రూములో కూడా ఎవడన్న రాత్రి నాలుగు సార్లు లేస్తుంటే, నవ్వకండి. పక్కకు పిలిచి, "రేపు నేను తోడొస్తా, పోదాం పా" అనండి.