ప్రకృతి ముచ్చట్లు: దీపము క్రింది గిన్నె

తొలకరి వాన వెలిసిన సాయంకాలమున దీపము పెట్టిన తోడనే ఉసుళ్లు మూగి అన్నములో, పులుసులో పడుటయు, మన పెద్దలు దీపము క్రింద నీళ్లగిన్నె యుంచి వానిని పట్టుటయు మీరెరిగినదే. అట్టి గిన్నెతోనే ఒక మహానది యొక్క ఆకలిని కనిపెట్టిన వృత్తాంతమును ఈ మాసమున మనవి చేసెదను.

అమెరికా దేశపు పశ్చిమభాగమున కొలరాడో యను నది గలదు. అరిజోనా రాష్ట్రమున అది గ్రాండ్ కాన్యన్ అను అగాధమైన లోయగుండ పారును. ఆ లోయకు ఎగువను 1963లో గ్లెన్ కాన్యన్ ఆనకట్ట ముగిసినది.

నదిలో చేపకు భోజన మెట్లు సమకూరును? రాళ్లపై పట్టిన పాచిని పురుగులు తినును. పురుగులను చేపలు తినును. రెక్కలు వచ్చి పైకెగిరిన వానిని పక్షులు, గబ్బిలములు, బల్లులు, సాలెపురుగులు పట్టుకొనును. నీటిలో వండినది ఒడ్డునున్న వారికిని వడ్డింపబడుచుండు నన్నమాట. ఈ లోయలో పరీక్షింపగా, చేపలు ముఖ్యముగ రెండు తెగల చిన్న యీగల పిల్లలనే నమ్ముకొని బ్రతుకుచున్నట్లు తేలినది. ఇతర నదులలో విరివిగ నుండు మేఫ్లై, స్టోన్‌ఫ్లై మొదలగునవి ఇచట లేనట్లే. కొలరాడో నదినే పుట్టినిల్లుగా గల గూనిచేప యొకటి యున్నది; అరుదైన జాతి. దాని పంక్తిలో ఇంత కరవేల వచ్చినది?

సుమారు 280 మైళ్ల లోయ. లోపలికి బాటలు అరుదు. శాస్త్రజ్ఞులు ప్రతిదినమును పోజాలరు. కావున 2012 మొదలు, యాత్రికులను పడవలపై తీసికొనిపోవు వారిని సాయమడిగిరి. రాత్రి విడిసినచోట పడవవారు ఒక డబ్బాలో స్పిరిటు పోసి, అంచున చిన్నదీపముంచి, గంటసేపైన పిదప పడిన పురుగులను సీసాలోనికి వంచి, తేదీయు స్థలమును వ్రాసి, ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణపు ప్రయోగశాల కప్పగింతురు. ఏమియు పడనిచో పడలేదనియే వ్రాయవలెను. ఆ సున్నయు లెక్కయే. 2014 నాటికి ఇట్టి సీసాలు 2,500కు మించినవి.

ఈ లోయలో లెక్కలు వ్రాయుటకు దారిచూపినవారిలో ఇద్దరు స్త్రీలు గలరని చెప్పక ముందుకు సాగజాలను. 1938లో ఎల్జాడా క్లోవర్, లోయిస్ జాటర్ అను వృక్షశాస్త్రజ్ఞురాండ్రు పడవపై ఈ నదిని దాటి మొక్కల పట్టిక వ్రాసిరి. స్త్రీలకిది తగదని పలువురనిరి. దారిలో వంటపనియు వారి మీదనే పడెను! ఆనకట్టకు పూర్వపు ఒడ్డు ఎట్లుండెనో తెలియుటకు నేటికిని ఆ పట్టిక యాధారము.

ఇక సీసాల మాట. ఒకచోట ఈగలు కుప్పలుగను, కొన్ని మైళ్లు పోగా కొద్దిగను, మరల విరివిగను కనబడినవి. దీనికి కారణము విద్యుచ్ఛక్తి. పట్టణములలో పొయ్యిలును దీపములును వెలుగువేళ ఆనకట్టనుండి నీరు హెచ్చుగ వదలుదురు, నడిరేయి తగ్గింతురు. అందుచే నది దినదినమును పొంగి తీయుచుండును. ఆ పొంగు లోయ పొడవున ప్రయాణము చేయును గాన, సందెవేళ ఒకచోట నీరు తక్కువగను మరొకచోట ఎక్కువగను ఉండును. ఈగలు సందెవేళనే నీటియంచున గ్రుడ్లు పెట్టును. నీరు తక్కువైనచోట పెట్టినవి పిదప మునిగి బ్రతుకును. నిండుగ నున్నచోట పెట్టినవి నీరు తీయగనే రాళ్లపై ఎండి చచ్చును. గ్రుడ్లను ఒడ్డురాళ్లకే అంటించు జాతులకు మరియు హాని. 2016లో ఈ సంగతి ప్రకటితమైనది.

దీపము లార్పుమని ఎవరినందుము? అధికారులొక మధ్యేమార్గము చూచిరి. 2018లో మే మొదలు ఆగస్టు వరకు శని, ఆదివారములలో, విద్యుత్తు గిరాకి తక్కువగా నుండునపుడు, నీటిని తగ్గించి ఎగుడుదిగుడులు లేక వదలిరి. ఆ రెండుదినములు పెట్టిన గ్రుడ్లు తక్కిన వారమంతయు నీటిలోనే యుండును. 2019, 2020లలోను, నడుమ ఒక యేడు విడిచి 2022లోను అట్లే చేసిరి.

మొదటి వేసవిలోనే పడవవారి డబ్బాలలో కాడిస్ ఈగలు మునుపటికంటె హెచ్చుగ పడినవి. ఈ కులపు పురుగులలో పెక్కు తమ నోటి పట్టుదారముతో ఇసుకరేణువులను కుట్టుకొని, ఆ సంచిలోనే కాపురముండును.