నదికి గిరి గీస్తే ఆగుతుందా?

లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్! మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేశాక బయటికొచ్చిన నీరది. 2007లో స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం లెక్క తేల్చింది. ఆ నీరు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలిసేది.

పర్యావరణ అనుమతికి మాత్రం ఫ్యాక్టరీ చుట్టూ పది కిలోమీటర్లు చూస్తే సరిపోతోంది. అసలు లోపం అక్కడే. నది ఆ గిరి దగ్గర ఆగదు: మహారాష్ట్రలోని ముఖేడ్ తాలూకా మీదుగా వచ్చే లెండి నది నీళ్లను కలుపుకునే మంజీర, పొరుగున ఉన్న దెగ్లూర్ తాలూకాను ఒరుసుకుంటూ కందకుర్తి దగ్గర గోదావరిని చేరుతుంది. పర్యావరణ ప్రభావ అంచనా కూడా వాగు వెంటే నడవాలి. మందు కలిసిన నీటిలో బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది కాబట్టి, దిగువ ఊళ్ల ఆసుపత్రుల్లో ఏ యాంటీబయాటిక్ పనిచేయడం లేదో చెప్పే ల్యాబ్ రిపోర్టులు అనుమతి ఫైలులో ఉండి తీరాలి.