ముక్త్యాలకు మూడు గళ్ళు

ముక్త్యాల కృష్ణానది యొడ్డున, జగ్గయ్యపేటకు సమీపమున నున్న గ్రామము. ఆ పేరును పదబంధ ప్రహేళికలో నిముడ్చుట యెంత కష్టమో పరిశీలించినచో ప్రహేళికల మంచిచెడ్డలు చాలవరకు తెలియగలవు.

1913 డిసెంబరు 21వ తేదీన న్యూయార్కు వరల్డు పత్రికలో ఆర్థర్ విన్ అనునాతడు ప్రకటించిన గళ్ళ ఆట పిదప దేశదేశములకు వ్యాపించెను. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు సైతము ఇట్టివి కూర్చిరి. ఆంగ్లమున ఇరువదియారు అక్షరములతో సాగు ఆట తెలుగునకు వచ్చుసరికి స్వభావము మార్చుకొనెను. మన గడిలో గుణింతము, ఒత్తు, సున్న అన్నియు కలిసియే కూర్చుండును. నందిగామలోని 'నం' గడికి నిలువున ఆనందమో నందనమో దొరకును. ముక్త్యాల నడిమి గడిలోని 'క్త్యా'కు అట్టి చుట్టములు బహు అరుదు.

ఇచ్చట కూర్పరులు ఆ గడికి పైనను క్రిందను నల్లగళ్ళుంచి తప్పించుకొనుట కలదు. గళ్ళ పొందిక కంటికి ఇంపుగనే యుండును. పుటను తలక్రిందులుగా త్రిప్పినను తీరు మారదు. కాని పూరించువానికి జరుగు అన్యాయము చిన్నది కాదు. 'ముత్యాల' అని వ్రాసిన బాలునకు మొదటి గడియు చివరి గడియు సరిపోవును. ఒక ఊరి పేరు చెడినదని చెప్పు గడి మాత్రము లేదు. సౌష్ఠవము కంటె ఆ సాక్ష్యమే ముఖ్యము. నడిమి గడి మీదుగా నిలువున 'శక్త్యాయుధము'ను నిలిపి, "కుమారస్వామి చేతనుండునది (5)" అని ఆధారమిచ్చినచో తప్పు తనంత తానే బయటపడును. అందుకొఱకు ఒక మూల రెండు నల్లగళ్ళు అధికమైనను అభ్యంతరమేమి?

ఇక ఆధారముల సంగతి. "కృష్ణ యొడ్డున నొక ఊరు (3)" అనుట కఠినము కాదు, అస్పష్టము. సమీపముననే యున్న వేదాద్రియు మూడు గళ్ళదే, కృష్ణ యొడ్డుదే. "చివరి రెండక్షరములు జారిన మోక్షమందిరము, కృష్ణ యొడ్డున (3)" అనుట నిజముగా కఠినము. మోక్షమనగా ముక్తి, మందిరమనగా ఆలయము. యణాదేశసంధి చేసిన 'ముక్త్యాలయము'. 'యము' తొలగింపగా ఊరు మిగులును. (ఇది ఆటకై పన్నిన విరుపే కాని ఊరిపేరునకు వ్యుత్పత్తి యని ఎవరును భ్రమపడరాదు.) దీనిని విప్పుటకు సంధిజ్ఞానము చాలును, నిఘంటువు అక్కఱలేదు. విప్పిన పిదప, సమాధానమిది తప్ప వేఱొకటి కాదని పూరించినవానికే రూఢియగును.

మన పూర్వులకు ఈ వివేచన క్రొత్తది కాదు. దండి కావ్యాదర్శమున పదునాఱు విధములైన ప్రహేళికలను పేర్కొని, పూర్వాచార్యులు చెప్పిన దుష్టప్రహేళికలు పదునాలుగు గలవనెను; దోషములు లెక్కకు మిక్కిలి యని తలచి వానిని వివరింపడయ్యెను. నేటి ప్రహేళికలను చూచినచో ఆయన పని మఱింత పెరిగెడిది!

వేదాద్రికి ఇంత పన్నుగడ అవసరము లేదు. "కృష్ణ యొడ్డున నరసింహక్షేత్రము (3)" అనినచో రెండూళ్ళకును పేచీ తీరును. 'ద్రి' గడికి మాద్రి, హిమాద్రి వంటి మాటలు నిలువున సులభముగనే దొరకును.