ఎవరి సాయం లేకుండా పైకొచ్చామా?

మొన్న జనవరి 26న బడిలో జెండా ఎగరేశాక మమ్మల్ని నాలుగు మాటలు చెప్పమన్నారు. పిల్లలకు హుషారు రావాలని మా కథే చెప్పాం. పల్లె నుంచి మూడు మైళ్ళు నడిచి బడికి పోవడం, కిరసనాయిలు బుడ్డి ముందు చదవడం, మా ఇంటి మొత్తానికి మొదటి డిగ్రీ మాదే కావడం, ఆ తర్వాత బి.యిడి., డి.ఎస్సీ., ఉద్యోగం. ఆఖర్న గొంతు పెంచి, "ఎవరి సాయం లేకుండా సొంత కష్టంతో పైకొచ్చాం, మీరూ అట్లాగే రావాలి" అన్నాం. పిల్లలు చప్పట్లు కొట్టారు. పక్కనున్న పెద్దమనిషి ఒకాయన, "ఇదిగో, ఇట్టాంటివాళ్ళు ఉంటే రిజర్వేషన్లే అక్కర్లేదు" అని భుజం తట్టాడు.

ఆ మాటకే మాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

మా అమ్మ కూడా వచ్చింది ఆ రోజు. ఇంటికొచ్చాక అన్నం పెడుతూ అడిగింది: "ఏరా అబ్బాయా, నీకు ఎవురూ సాయం చెయ్యలేదా?"

ముద్ద గొంతు దిగలేదు. హాస్టల్లో చదివినవాళ్ళం, స్కాలర్‌షిప్పు తీసుకున్నవాళ్ళం, సంఘం మీటింగుల్లో గంటలకొద్దీ మాట్లాడేవాళ్ళం. ఆ మాట మా నోట్లోకి ఎట్లా వచ్చింది? దాన్ని వెతుక్కుంటూ పోతే ఒక కథల పుస్తకం దగ్గర ఆగాం. అది అమెరికా పుస్తకం. కాస్త దూరం పోయి రావాలి, ఓపిక పట్టండి.

మా ఊరి మోతుబరుల పిల్లలు అమెరికాలో ఉంటారు. వాళ్ళు బడికి ఒక పెట్టె నిండా ఇంగ్లీషు పుస్తకాలు పంపారు. అందులో లారా ఇంగాల్స్ వైల్డర్ రాసిన 'లిటిల్ హౌస్' కథలున్నాయి. 1932 నుంచి 1943 దాకా ఎనిమిది పుస్తకాలు వచ్చాయి. ఆమె చిన్ననాటి బతుకే కథ. నాన్న గొడ్డలితో చెట్లు కొట్టి ఇల్లు కడతాడు, రాత్రి ఫిడేలు వాయిస్తాడు. అమ్మ వెన్న చిలుకుతుంది. మిడతలు పంట తింటాయి, మంచు తుపాను ముంచుతుంది, ఎవరి దగ్గరా చెయ్యి చాచరు. ఎనిమిదో తరగతికి తెలుగులో చెబితే పిల్లలు బెల్లు కొట్టినా లేవలేదు. బాగా రాసింది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ కథలు ఎప్పుడు వచ్చాయో చూడండి. 1929లో అమెరికా షేర్ల బజారు కూలింది. 1933 నాటికి పనిచేసే వాళ్ళలో సుమారు నలుగురికి ఒకరు పనిలేక రోడ్డున పడ్డారు. రూజ్‌వెల్టు ప్రభుత్వం వచ్చి పనులు పెట్టింది, 1935లో పింఛన్ల చట్టం తెచ్చింది. ఇది దేశాన్ని చెడగొడుతుందని మండిపడ్డవాళ్ళలో లారా కూతురు రోజ్ వైల్డర్ లేన్ ఒకరు. తల్లి రాతప్రతులను దిద్ది, తిరగరాసి, పుస్తకాలుగా నిలబెట్టింది ఆమే. ఎంత దిద్దింది, ఎంత రాసింది అని పండితులు ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు. 1943లో రోజ్ తన సిద్ధాంత గ్రంథం అచ్చేసింది. అయన్ రాండ్ నవల 'ఫౌంటెన్‌హెడ్' వచ్చింది కూడా ఆ ఏడే. లిబర్టేరియన్లు అని పిలవబడే వాళ్ళకు ఈ ఇద్దరు ఆడవాళ్ళూ తల్లుల్లాంటివాళ్ళు. ఆ పేరు తనకొద్దని రాండ్ విసుక్కున్నా వాళ్ళు వదల్లేదు.

వాళ్ళు చెప్పేదేంటంటే, సర్కారు పోలీసు, కోర్టు, సైన్యం వరకే ఉండాలి. బడి, ఆసుపత్రి, పింఛను, భూమి పంచడం దాని పని కాదు. పన్ను వెయ్యడమంటే ఒకడి జేబులో చెయ్యి పెట్టడమే. ఎవరి ఆస్తి వారిది, ఎవరి బతుకు వారిది. ఈ మాటలు ఉపన్యాసంగా చెబితే జనం ఆవలిస్తారు. చలికి వణుకుతున్న పసిపిల్ల కథగా చెబితే కళ్ళు తుడుచుకుంటారు. పనిలేక, తిండిలేక జనం సర్కారు వైపు చూస్తున్న రోజుల్లో ఆ కథలు వచ్చాయి.

లారా కథలకు ముందు తన జీవితాన్ని ఉన్నదున్నట్టు ఒక ప్రతిగా రాసుకుంది. అప్పట్లో ఏ ప్రచురణకర్తా తీసుకోలేదు. అది 2014లో అచ్చయింది. దాన్నీ పాత రికార్డులనూ ఈ కథల పక్కన పెట్టినవాళ్ళకు ఏమేం తీసేశారో కనబడింది. లారా అక్క మేరీకి కళ్ళు పోతాయి. అయోవాలో అంధుల కాలేజీలో చేరుస్తారు. కథలో ఇంటిల్లిపాదీ పైసా పైసా కూడబెడతారు. లారా పంతులమ్మగా చేసింది, కష్టపడింది, అది అబద్ధం కాదు. కానీ మేరీ చదువు ఖర్చులో ఎక్కువ భాగం భరించింది డకోటా టెరిటరీ ప్రభుత్వం! అంటే స్కాలర్‌షిప్పు. మనం తీసుకుంటే సర్కారు సొమ్ము తిన్నవాళ్ళమని తిట్టే ఆ స్కాలర్‌షిప్పే. కథలో ఆ ఊసే లేదు. 1880-81 చలికాలంలో వాళ్ళింట్లో మరో జంట, పసిబిడ్డతో సహా తలదాచుకుంది. నవల్లో వాళ్ళూ లేరు. ఇల్లు ఒంటరిగా ఉంటేనే కదా వీరత్వం.

ఇక భూమి. కథకు మూలమే భూమి. 1862 చట్టం ప్రకారం ఒక్కో కుటుంబం 160 ఎకరాలు తీసుకోవచ్చు. కొద్దిపాటి ఫీజు కట్టి, ఐదేళ్ళు కాపురముండి సాగు చేస్తే పట్టా. లారా తండ్రి 1880లో అట్లా అర్జీ పెట్టుకున్నవాడే. అయ్యా, నూట అరవై ఎకరాలు! మన వాడలో ఎకరమో అరెకరమో డి-ఫారం పట్టా చేతికి రావడానికి ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ఎన్ని చెప్పులు అరిగాయో మీకు తెలుసు. ఆ అరెకరమూ అప్పు కింద మోతుబరి చేతిలోకి జారిపోతుంటే అట్లాంటి అమ్మకాలు చెల్లవని 1977లో మన రాష్ట్రంలో చట్టమే చేయాల్సి వచ్చింది. మనకిచ్చిన అరెకరం దయ. వాళ్ళు తీసుకున్న నూట అరవై స్వయంకృషి.

మా ఊరి కాలవ గట్టు మీద కూర్చుని స్వయంకృషి గురించి చెప్పే ఆసాముల్ని కూడా అడగాలనిపిస్తుంది. 1855లో కుంఫిణీ సర్కారు బెజవాడలో కృష్ణకు ఆనకట్ట కట్టకపోతే మీ మాగాణి ఎక్కడ? ఆ మట్టి తట్టలు ఎవరు మోశారు?

అమెరికాలో ఆ భూమి ఖాళీగా కూడా లేదు. 1869లో లారా కుటుంబం కాన్సాస్‌లో దిగిన చోటు ఒసేజ్ తెగవాళ్ళది. సర్కారే వాళ్ళకని ఒప్పందం రాసిచ్చిన నేల. 1935 పుస్తకంలో మొదట్లోనే, అక్కడ మనుషులు లేరు, ఇండియన్లు మాత్రమే ఉన్నారు అనే అర్థంలో ఒక మాట ఉండేది. పదిహేడేళ్ళ పాటు ఎవరికీ తప్పుగా కనబడలేదు. 1952లో ఒక పాఠకురాలు ఉత్తరం రాస్తే 1953 ముద్రణలో 'మనుషులు' తీసి 'వలస వచ్చి స్థిరపడినవాళ్ళు' అని మార్చారు. ఇది చదివినప్పుడు మాకు ఆశ్చర్యం వెయ్యలేదు. ఊళ్ళో ఎవరూ లేరు, మాలపల్లె వాళ్ళు మాత్రం ఉన్నారు అనే మాట మన చెవులకు కొత్తా?

రోజ్ 1968లో చనిపోయాక ఆమె ఆస్తి రోజర్ మెక్‌బ్రైడ్ అనే లాయరుకు వచ్చింది. 1974లో మొదలైన 'లిటిల్ హౌస్' టీవీ సీరియల్ వెనక ఉన్నది ఆయనే. 1976లో లిబర్టేరియన్ పార్టీ తరఫున అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిందీ ఆయనే. వియత్నాం యుద్ధం, నిక్సన్ రాజీనామాతో సర్కారంటే జనానికి రోత పుట్టిన కాలమది. కథ మళ్ళీ పనికొచ్చింది.

అయినా రోజ్‌ను ఒక్క తిట్టుతో తోసెయ్యడం మాకు ఇష్టం లేదు. 1943లో పింఛను పథకాన్ని విమర్శిస్తూ ఒక కార్డు రాసినందుకు ఆమె ఇంటికి పోలీసు వచ్చాడు. ఆమె భయపడకుండా నిలదీసి, దాని మీద కరపత్రం వేసింది. కార్డు ముక్క రాస్తే పోలీసు వచ్చే సర్కారును నమ్మొద్దంటే మేమెట్లా కాదంటాం? మన వాడల్లోకి సర్కారు మొదట వచ్చేది లాఠీ రూపంలోనే. నల్లజాతివారి పత్రిక 'పిట్స్‌బర్గ్ కొరియర్'లో కూడా ఆమె శీర్షిక రాసింది, జాతి ద్వేషాన్ని ఖండించింది. రూజ్‌వెల్టు పింఛను చట్టం పొలం కూలీలనీ ఇళ్ళలో పాచిపని చేసేవాళ్ళనీ వదిలేసింది. దక్షిణాన నల్లవాళ్ళలో ఎక్కువమంది చేసే పనులు అవే. అంటే సర్కారు ధర్మరాజేమీ కాదు.

కానీ సర్కారు పక్కకు తప్పుకుంటే ఖాళీ అయిన కుర్చీలో కూర్చునేది ఎవరు? మా ఊళ్ళో అయితే మాకు తెలుసు.

1959లో కాంగ్రెసు నాగపూర్ మహాసభ సహకార వ్యవసాయం, భూపరిమితి అనగానే రాజాజీ, మన గుంటూరు జిల్లా రంగా గారు కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. రైతు స్వేచ్ఛ అన్నారు. ఆ రైతు చేలో పాలేరు స్వేచ్ఛ గురించి వాళ్ళకు రాయడానికి తీరిక దొరకలేదేమో. దానికి పన్నెండేళ్ళ ముందే, 1947లో, 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో బాబాసాహెబు దీనికి జవాబు రాసిపెట్టారు. సర్కారు అదుపు లేని స్వేచ్ఛ ఎవరికి? కౌలు పెంచుకునే భూస్వామికి, పనిగంటలు పెంచి కూలి తగ్గించే యజమానికి. అందుకే భూమి ప్రభుత్వానిది కావాలని, కులభేదం లేకుండా సాగుకివ్వాలని, భూస్వామీ కూలీ అనే తేడా ఉండకూడదని అన్నారు.

బాబాసాహెబు తన కథ కూడా చెప్పుకున్నారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చిన్న పుస్తకం, దొరికితే వాడలో చదివి వినిపించండి. చిన్నప్పుడు అన్నతో, అక్క కొడుకుతో కలిసి తండ్రి దగ్గరికి పోతూ రైలు దిగుతారు. కులం తెలిశాక ఏ బండీ రాదు. రెట్టింపు బాడుగ ఇస్తామంటే ఒకడు ఒప్పుకుంటాడు. అయితే బండి పిల్లలే తోలాలి, వాడు పక్కన నడుస్తాడు. దారిపొడుగునా తాగడానికి నీళ్ళు దొరకవు. అందులో వీరుడు లేడు. నీళ్ళివ్వనివాళ్ళు ఎవరో, ఎందుకివ్వలేదో ఉంది. అదే మనిషి 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్పుతో కొలంబియాకు పోయారు. అలాంటాయన్ని ఇప్పుడు ఒంటరిగా పైకొచ్చిన మేధావి అని చెప్పి, సాయం అడిగే పిల్లల మీదికి రాయిలా విసురుతున్నారు.

మేమూ ఆ రాయినే విసిరాం మొన్న. ఎదురుగా కూర్చున్న వాళ్ళలో సగంమంది హాస్టలు పిల్లలు. మెస్ బిల్లులు ఆలస్యమైతే చారు నీళ్ళవుతుందని తెలిసిన పిల్లలు. రేపు హాస్టలు మూసేస్తామని ఎవరైనా అంటే, "మీ సారే ఎవరి సాయం లేకుండా చదివాడుగా" అనడానికి మేమే మాట అందించాం.

ఆ రాత్రి అమ్మను కూర్చోబెట్టి నోటుబుక్కు తీశాం. తను చెబుతుంటే రాశాం. టెన్త్ పరీక్ష ఫీజుకి పక్కింటి పెద్దమ్మ మేకపిల్లను అమ్మింది. ఇంటర్లో స్కాలర్‌షిప్పు రాకపోతే సంఘం అన్నలు ఆఫీసు ముందు రెండు రోజులు కూర్చున్నారు. ఊళ్ళో గొడవలప్పుడు మా నాయన్ని స్టేషన్లో పెడితే మేం చదువు మానలేదంటే, ఆ నెలంతా ఇంటికి గింజలు ఎవరెవరు పంపారో పేరుపేరునా చెప్పింది. హాస్టలు వంటామె సంగతి మాకే గుర్తులేదు. జ్వరమొచ్చినప్పుడు జావ కాచి గదికి తెచ్చేదట.

"ఆమె ఇప్పుడెక్కడుందో?" అన్నాం.

"ఎక్కడో ఏంది, వంతెన కాడ బజ్జీలేసుకుంటంది. నువ్వు రోజూ ఆ దారినే పోతావు" అంది అమ్మ.