చేయి వేయుట ఎప్పుడు? చేయి తీయుట ఎప్పుడు?

అభ్యంగం, స్వేదనం, పిండస్వేదం వంటి మన బాహ్య చికిత్సలకు, ఆధునికుల ఫిజియోథెరపీకి మార్గాలు వేరైనా ప్రధాన సాధనం ఒక్కటే. అది మనిషి చేయి. ఔషధమిచ్చే వైద్యునికి, రోగికి మధ్య కొంత దూరమున్నది. మర్దనం చేసే వానికి ఆ దూరం లేదు. రోగి తన నొప్పిని, సిగ్గును, ఆశను కూడా మన చేతికి అప్పగిస్తాడు. కనుకనే ఈ వృత్తిలో నైపుణ్యానికి ముందు ధర్మం ఉండవలెను. ఆ ధర్మం రెండు ప్రశ్నలలో ఇమిడి ఉన్నదని నా అభిప్రాయం. ఈ రోగిపై చేయి వేయవచ్చునా? వేసిన చేయి ఎప్పుడు తీయవలెను?

మొదటి ప్రశ్నకు మన శాస్త్రం స్పష్టంగా దారి చూపినది. వ్యాధి సాధ్యమా, అసాధ్యమా అని నిర్ణయించుకొనక చికిత్సకు పూనుకొనే వైద్యుడు ధనాన్ని, విద్యను, కీర్తిని పోగొట్టుకుంటాడని చరకుడు హెచ్చరించినాడు. అజీర్ణం ఉన్నవారికి, కఫవ్యాధి పీడితులకు, శోధన చికిత్స అప్పుడే ముగిసినవారికి అభ్యంగం తగదని వాగ్భటుడు నిషేధించినాడు. స్వేదనానికి తగనివారిలో మధుమేహ రోగులను చరకుడు చేర్చినాడు. ఇందులోని మేలు నేటికీ కనబడుతూనే ఉన్నది. చాలాకాలంగా షుగరు వ్యాధి ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గుతుంది. కాపడం వేడి తెలియక చర్మం కాలి, పుండు పడి, అది మానక కాలికే ముప్పు రావచ్చును.

నేటి వైద్యం తెలిపిన మరికొన్ని నిషేధాలను కూడా మనం శిరసావహించవలెను. ఒక పిక్క మాత్రమే హఠాత్తుగా వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చును. దానిని పిసికితే ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయం కలిగించవచ్చును. నడుము నొప్పితో పాటు మూత్రం బిగిసినా, అదుపు తప్పినా, మలద్వారం చుట్టూ తిమ్మిరి తోచినా ఆ రోజే ఆసుపత్రికి పంపవలెను. మూతి వంకరపోయి, మాట తడబడి, ఒక చేయి పడిపోయినప్పుడు క్షణం కూడా ఆలస్యం పనికిరాదు. మెదడులోని గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపలే, అదీ స్కానింగు తీసిన పిదపనే ఇస్తారు. ఆ వేళ తైలం వెచ్చబెట్టుకొని కూర్చున్న వైద్యుడు ఎంతటి పండితుడైనా రోగికి ద్రోహం చేసినవాడే.

రెండవ ప్రశ్న ఇంతకన్న కఠినమైనది. పక్షవాతం వచ్చి ఆరు నెలలైన ఒక వృద్ధ రైతును ఆయన కుమారుడు నా వద్దకు తీసుకొని వచ్చినాడు. కుడి పక్క పూర్తిగా పడిపోయినది. "ఎంత ఖర్చయినా సరేనండీ, మా నాన్న మళ్ళీ పొలం గట్టు మీద నడవాలి" అన్నాడు కుమారుడు. ఆ పెద్దాయనను అడిగితే, "నా అన్నం నేను తింటే చాలునయ్యా" అన్నారు. రుసుము ఇచ్చేది కుమారుడు, శరీరం తండ్రిది. ఎవరి కోరికను అనుసరించి చికిత్స చేయవలెను? రోగి కోరికనే అనుసరించవలెనని నేను నిర్ణయించినాను. నెల రోజులు గడువు పెట్టి, ఖర్చు ఎంతయ్యేదీ ముందే చెప్పినాను. వ్యాయామాల కొరకు ఒక ఫిజియోథెరపిస్టు వద్దకు కూడా పంపినాను. పడిపోయిన చేతిని పట్టి లాగి లేవదీస్తే భుజం కీలు దెబ్బతింటుందని ఇంటివారికి నేర్పినాను. నెల చివరకు ఆయన ఆనుకొని కూర్చొని ఎడమ చేతితో చెంచా పట్టి తినగలిగినారు. కుడి చేయి రాలేదు. తైలచికిత్సతో ఇక మార్పు కనబడదని తండ్రీకొడుకులిద్దరి ఎదుట చెప్పి, ఇంటి వద్ద చేసుకొనదగిన వ్యాయామాలను మిగిల్చి, నా చేయి తీసివేసినాను.

దీనికి కొందరు వైద్య మిత్రులు అభ్యంతరం చెబుతారు. మరణం సమీపించినదని తెలిసినా, అది రోగికి గాని ఇతరులకు గాని హాని చేసేటట్లయితే చెప్పరాదని చరకుడు అన్నాడు గదా, ఆశను ఎందుకు త్రుంచవలెనని వారి వాదం. ఆ నియమం ఆయుష్షును గురించినది, దయ నుండి పుట్టినది. చేయి వస్తుందో రాదో దాచిపెట్టి వంద సిట్టింగులు సాగదీయుటకు దానిని అడ్డుపెట్టుకొనరాదు. మృదువుగా చెప్పవచ్చును, క్రమంగా చెప్పవచ్చును. కాని రోజు కూలి మానుకొని వచ్చే కుటుంబానికి నిజం దాచుట దయ కాదు.

తక్కిన నియమాలు ఈ దృష్టి నుండే వస్తాయి. ఏ అవయవాన్ని, ఎందుకు తాకుతున్నామో చెప్పి అనుమతి పొందవలెను. భర్త గాని సంరక్షకుడు గాని లేనప్పుడు స్త్రీలకు చికిత్స చేయరాదని చరక సంహిత శిష్యుని శాసించినది. నేడు దానికి తోడు ఆ స్త్రీ స్వంత సమ్మతి, ఆమె కోరితే స్త్రీ పరిచారిక తప్పనిసరి. రోగి ఇంటి విషయాలు వైద్యుని నోట బయటపడరాదు. పక్షవాతాన్ని పూర్తిగా నయం చేస్తామని ప్రకటనలు ఇచ్చుట 1954 నాటి చట్టం ప్రకారం నేరమే.

పాఠక మహాశయులకు ఒక మనవి. మర్దనకు గాని, ఫిజియోథెరపీకి గాని వెళ్ళినప్పుడు మూడు మాటలు అడగండి. నా వ్యాధికి ఇది తగునా? ఎన్నాళ్ళలో ఎంత గుణం ఆశించవచ్చును? గుణం లేకపోతే ఎప్పుడు ఆపుతారు? ఈ ప్రశ్నలకు విసుగుకొనక బదులు చెప్పే చేతికే మీ శరీరాన్ని అప్పగించండి.