జెర్రిపోతును చంపి ఎలుకల మందు కొనేటోళ్లకు

రైతన్నలారా, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దండి. చీనీ తోటలో జెర్రిపోతు కనపడితే నలుగురు చేరి కట్టెలతో కొట్టి చంపుతారు, ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. మళ్లా ఎలుకలు బుడ్డలు తింటున్నాయి, డ్రిప్ పైపులు కొరుకుతున్నాయి అని మందు కోసం అంగడికి పోతారు. ఆ ఎలుకల్ని ఊరికే తినిపెట్టేదాన్ని చంపింది ఎవరు?

జెర్రిపోతుకు విషం లేదు. తోకలో విషముంది, ఆవు పొదుగు తాగుతుంది, నాగుపాముతో జత కడుతుంది, ఇవన్నీ ఉత్త మాటలే. రెండు పెనవేసుకుని పైకి లేచినాయంటే చాలాసార్లు అది రెండు మగ జెర్రిపోతుల కొట్లాట.

గుర్తుపట్టడం నేర్చుకోండి. పెద్ద కండ్లు, మూతి పక్కన నల్లగీతలు, సన్న మెడ. పడగ ఉండదు. ఆరేడు అడుగులున్నా మనిషిని చూస్తే పరుగే. రక్తపింజర అట్ల కాదు. మందంగా ఉంటుంది, ఒళ్లంతా గొలుసు మాదిరి మచ్చలు, ఉన్నచోటనే బుస కొడుతుంది.

ఏ పామో తెలియకుంటే దూరం జరగండి, అంతే. కరిస్తే మంత్రాలు వద్దు, నేరుగా ఆస్పత్రికే పోండి.

జెర్రిపోతును చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎలుకలు పెరిగితే వాటి కోసం నాగుపాము, రక్తపింజర కూడా చేనికొస్తాయి. విషం లేనిదాన్ని చంపి విషమున్నదాన్ని పిలుచుకోవడం ఏం సేద్యం?