'నిరాకరించారు' అన్న ఒక్క మాట వెనుక

ఆశా కార్యకర్త రాసుకునే రిజిస్టరులో ఒక గడి ఉంటుంది. టీకా పడని బిడ్డ పేరుకు ఎదురుగా కారణం రాయవలసిన గడి అది. మన బస్తీల విషయంలో అక్కడ తరచు కనిపించే మాట 'నిరాకరించారు' అన్నదే. ఆ మాట ఆరోగ్య కేంద్రం దాటి, జిల్లా సమీక్షా సమావేశం చేరేసరికి 'ముస్లిం ప్రాంతాల్లో టీకాలకు వ్యతిరేకత' అనే నిర్ధారణగా మారిపోతుంది. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళ నడుమ గడిపినవారం కనుక, గడిలో పట్టని నిజం ఫైలులోకి ఎక్కదని మాకు బాగా తెలుసు. అందుకే ఆ గడి నింపే వారినే అడగాలనుకున్నాం.

కర్నూలు పాతబస్తీలో పనిచేసే కొందరు ఆశా కార్యకర్తలతో, ఏఎన్‌ఎంలతో కూర్చుని మాట్లాడాం. పేర్లు రాయవద్దని వారు కోరారు. వారు చెప్పిన దానిలో మతం ప్రస్తావన వచ్చింది చాలా తక్కువ.

"మొదటి సూది దగ్గర పేచీ ఉండదు" అన్నారు వారు. కాన్పు ఆసుపత్రిలోనే జరుగుతుంది గనుక బిసిజి, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా అక్కడే పడిపోతాయి. చిక్కంతా ఆరో వారంలో పెంటావాలెంట్ వేసిన తర్వాత మొదలవుతుంది. ఆ రాత్రి బిడ్డకు జ్వరం వస్తుంది, తొడ గట్టిపడుతుంది, తెల్లవార్లూ ఏడుస్తుంది. ఉదయాన్నే ఆటో తీయవలసిన తండ్రికి నిద్ర ఉండదు. దాదీ కోడలిని తప్పు పడుతుంది. పదో వారంలో ఆశా వెళ్ళి పిలిస్తే, "ఆపా, ఈసారి వద్దు" అని తల్లి తలుపు చాటు నుంచే చెబుతుంది. ఇది టీకాకు వ్యతిరేకత కాదు. జ్వరం వస్తుందని, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుందని, ఏ మందు ఎంత వేయాలో ముందుగా ఎవరూ చెప్పకపోవడం వల్ల పుట్టిన భయం. ఏ టీకా వేశారు, మళ్ళీ ఎప్పుడు రావాలి, ఏ ఇబ్బంది రావచ్చు, కార్డు ఎలా భద్రపరచాలి అనే నాలుగు సంగతులు ప్రతి తల్లికీ చెప్పాలన్నది ప్రభుత్వ నియమమే. యాభై మంది బిడ్డలు, ఒక ఏఎన్‌ఎం, ఆమె చేతిలో నింపవలసిన యాప్‌లు ఉన్నచోట ఆ నాలుగు మాటలే ముందుగా ఎగిరిపోతున్నాయి.

రెండవది కూలి. టీకాలు వేసేది బుధ, శనివారాల్లో, అదీ పగటిపూట. నాలుగిళ్ళలో పాచిపని చేసుకునే తల్లికి ఆ పూట పోతే ఆ పూట కూలి పోయినట్టే. అలా వచ్చిన తల్లిని కూడా, ఒక్క బిడ్డ కోసం సీసా తెరవలేమని, వచ్చే వారం రమ్మని వెనక్కి పంపిన సందర్భాలు ఉన్నాయట. బిసిజి, తట్టు-రుబెల్లా మందులు ఒకసారి కలిపితే నాలుగు గంటల్లో వాడేయాలన్నది నిజమే. కొంత మందు వృథా అవుతుందని లెక్కల్లో ముందే ఒప్పుకొని, ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవమన్న నిబంధన ఉందన్నదీ నిజమే. వెనక్కి వెళ్ళిన తల్లి రెండోసారి రాకపోతే, ఆమె పేరు ఎదుట రాసే మాట ఏదో పాఠకులు ఊహించగలరు.

మూడవది చిరునామా. తొలి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది, బిడ్డ పేరు అక్కడి జాబితాలో ఉంటుంది. మూడో నెలలో అత్తింటికి వస్తే ఇక్కడి జాబితాలో ఆ బిడ్డ లేదు. అద్దె ఇళ్ళు మారే కుటుంబాలు, పనికోసం హైదరాబాదు వెళ్ళివచ్చే కుటుంబాలు ఇంకా ఎక్కువ. తాళం వేసిన ఇంటికి కూడా కొన్నిసార్లు 'నిరాకరించారు' అనే పడుతుందని ఒక కార్యకర్త సంకోచిస్తూనే ఒప్పుకున్నారు.

నాలుగవది అన్నింటికన్నా లోతైనది. టీకాకు పిలవవలసిన ఆశానే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కూ ఒప్పించాలి. "పిల్లలెంత మంది? ఇక చాలదా?" అని నిన్న అడిగిన నోటితోనే నేడు సూదికి రమ్మంటే, ఆ రెండు మాటలూ ఆ ఇంట్లో కలిసిపోతాయి. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976 నవంబరులో మేవాత్ ప్రాంతంలోని ఉటావర్ గ్రామాన్ని పోలీసులు చుట్టుముట్టి మగవారిని పట్టుకుపోయి ఆపరేషన్లు చేయించారు. ఆ సంగతి పుస్తకాల్లో చదవని వారికి కూడా భయం మాత్రం తరతరాలుగా చేరింది. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం జరిగినప్పుడు, పిల్లలకు సంతానం కలగకుండా చేసే సూది ఇదేనంటూ వాట్సాప్‌లో తిరిగిన అబద్ధం పచ్చి అబద్ధమే. కానీ పుండు ఉన్నచోటనే ఈగ వాలుతుంది. 2019 డిసెంబరు తర్వాత పౌరసత్వ రిజిస్టరు భయం కూడా తోడయింది. ఆధార్ నంబరు అడిగే ప్రతి చేతినీ జనం అనుమానంగా చూశారు.

ఇదంతా చెప్పడం నిరాకరణను సమర్థించడానికి కాదు. తట్టు వైరస్ చరిత్ర చదవదు. తట్టు సోకిన బిడ్డ ఒకరు, టీకా లేని పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటించగలరు. 2022 చివరి నెలల్లో ముంబయిలోని గోవండీ బస్తీల్లో తట్టు వ్యాపించి పసిబిడ్డలు మరణించారు. కేరళలోని మలప్పురంలో, చదువులో ఎంతో ముందున్న ఆ జిల్లాలో, 2016లో డిఫ్తీరియా పిల్లల ప్రాణాలు తీసింది. ఆ రెండు చోట్లా ఖనన భూమికి వెళ్ళినవారు ఎక్కువగా మన పిల్లలే. ప్రభుత్వంపై మనకు ఎంత కోపం ఉన్నా, దాని మూల్యం తొమ్మిది నెలల బిడ్డ చెల్లించకూడదు. ఒంటెను కట్టివేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న బోధ మనదే కదా.

అదే సమయంలో లెక్కలనూ న్యాయంగా చూడాలి. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 12 నుంచి 23 నెలల పిల్లల్లో పూర్తి టీకాలు పడినవారు 73 శాతం. అంటే వందకు 27 మంది మిగిలిపోయారు. రాష్ట్ర జనాభాలో ముస్లింలు పదిలో ఒక వంతు కూడా లేరు. ఈ లోటంతా మన మొండితనం వల్లే అనేవారు ముందు ఈ కూడికలు, తీసివేతలు చేసి చూసుకోవాలి.

నమ్మకం తిరిగి తెచ్చుకోవచ్చని ఈ దేశమే నిరూపించింది. 2002లో దేశంలో నమోదైన 1,600 పోలియో కేసుల్లో 1,200కు పైగా ఉత్తరప్రదేశ్‌వే. బాధితుల్లో ముస్లిం పిల్లలు జనాభా నిష్పత్తికి మించి ఉన్నారు. అప్పుడు అధికారులు లాఠీ పట్టుకోలేదు. ఆయా బస్తీల స్త్రీలనే ఇంటింటికీ పంపారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా వంటి సంస్థలు, ఉలమాలు ముందుకు వచ్చారు. మస్జిదు మైకుల్లో ప్రకటనలు వినిపించాయి. 2011 జనవరి 13న హౌరాలో బయటపడిన కేసే దేశంలో చివరిది అయింది. మనుషులు మారలేదు, అడిగే తీరు మారింది.

కనుక ప్రభుత్వాన్ని మేము కోరేది ఇది. ఆశా కార్యకర్తల మాటను సమీక్షల్లో వినండి. 'నిరాకరించారు' అనే ఒక్క గడికి బదులు జ్వరం భయం, తాళం, వలస, వెనక్కి పంపడం అని వేర్వేరు గడులు పెట్టండి. ఉర్దూ మాట్లాడే బస్తీలకు ఉర్దూ వచ్చిన ఆశాలను నియమించండి. వారానికి ఒక సాయంత్రమైనా టీకా కేంద్రం తెరవండి. టీకాకు వెళ్ళే రోజున ఆపరేషన్ మాట ఎత్తవద్దని ఆదేశించండి.

మన బాధ్యత మనది. మస్జిదు కమిటీలు టీకా తేదీలను జుమా నాడు ప్రకటించాలి. వీలైతే మదరసాలోని ఒక గదిని ఆ పూటకు ఇవ్వాలి. బస్తీలోని చదువుకున్న ఆడపిల్లలు ఆశాతో కలిసి నాలుగు గడపలు తిరగాలి. దాదీలతో, నానీలతో ముందుగా మాట్లాడాలి, ఎందుకంటే చాలా ఇళ్ళలో చివరి మాట వారిదే. బిడ్డ కార్డును రేషన్ కార్డుతో పాటు భద్రపరచాలి. వాట్సాప్‌లో వచ్చిన మాటను పంచే ముందు ఒక్క వైద్యుడినైనా అడగాలి.

వీడ్కోలు తీసుకుంటూ ఉండగా ఒక ఆశా కార్యకర్త అన్న మాట మాతోనే ఉండిపోయింది. "నన్ను తిట్టినా ఫరవాలేదు, తలుపు తీస్తే చాలు." ఈ నెల ఆమె మన గడప ముందు నిలిచినప్పుడు తలుపు తీద్దాం. సందేహం ఉంటే అడుగుదాం, కోపం ఉంటే చెబుదాం, బిడ్డను మాత్రం టీకాకు తీసుకువెళదాం. ఆ గడిలో ఆ మాట రాసే అవసరం ఎవరికీ రాకుండా చూద్దాం.